సిమ్యులేటర్ సెస్నాలో వేగం చూపే ముల్లు: ఒక సమీక్ష

ఎక్స్-ప్లేన్ 12 అనే కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం ఒక చిన్న సంస్థ విడిగా అమ్ముతున్న సెస్నా 172ఎస్ విమానాన్ని కొంతకాలంగా మన విశాఖపట్నం రన్‌వే మీద నుంచే నడుపుతున్నాను. కాక్‌పిట్ మెరుగులు, ఇంజిన్ శబ్దం జోలికి పోకుండా, సిమ్యులేటర్ విమానాల్లో తరచూ అశ్రద్ధకు గురయ్యే ఎయిర్‌స్పీడ్ ఇండికేటర్‌ను, అంటే వేగం చూపే మీటరును మాత్రమే ఇక్కడ పరిశీలిస్తున్నాను. పైలట్ శిక్షణలో చేరే ముందు ఇంట్లోనే సాధన చేసే యువతకు ఏ ముల్లు కంటికి అలవాటవుతుందన్నది చిన్న విషయం కాదు.

ఈ మీటరు విమానం నేల మీద ఎంత వేగంగా పోతోందో చెప్పదు. రెక్క కింది పిటో ట్యూబ్ అనే గొట్టంలోకి ఎదురుగాలి తోసే ఒత్తిడికీ, స్టాటిక్ రంధ్రం దగ్గర ఉండే మామూలు ఒత్తిడికీ మధ్య తేడాను నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లలో) చూపడమే దాని పని. కొలతలో సహజంగా దొర్లే దోషాలను పట్టించుకోకుండా, లెక్కగట్టిన వేగాన్ని తిన్నగా ముల్లుకు తగిలించి ఊరుకునే తయారీదార్లు ఉన్నారు. 2006 నాటి ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్‌లోనైతే ముల్లు గాలిలోని వాస్తవ వేగాన్నే చూపేలా సెట్టింగ్ మార్చుకునే వీలు కూడా ఉండేది.

ఈ విమానంలో మీటరు మీద పెట్టిన శ్రద్ధ మొదటి పరుగులోనే తెలుస్తుంది. సముద్రం వైపు సాగే రన్‌వే 10 మీద థ్రాటిల్ పూర్తిగా తోసినా ముల్లు కాసేపు అడుగునే ఉండి, 40 నాట్లకు చేరువవుతుండగా సన్నగా వణికి పైకి లేస్తుంది. 55 దగ్గర ముక్కు ఎత్తవచ్చు. గాలిలోకి వెళ్లి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున ఉండే పలకలు) దించకుండా వేగం తగ్గిస్తూ పోతే ముల్లు 48 చూపుతున్నప్పుడు విమానం స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు దాన్ని మోయలేకపోతాయి. దోషం సరిచేసి లెక్కిస్తే ఆ వేగం 53 నాట్లని అసలు విమానం మాన్యువల్ చెబుతుంది. ఫ్లాప్స్ పూర్తిగా దించితే ముల్లు చూపేది 40, సరిచేసిన వేగం 48. ముక్కు బాగా పైకెత్తినప్పుడు పిటో ట్యూబ్‌కు గాలి తిన్నగా తగలకపోవడం వంటి కారణాల వల్ల వచ్చే ఈ తేడాను తయారీదార్లు ఉన్నదున్నట్టుగా దించారు. ఈ విమానానికి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే.

అనంతగిరి కొండలు దాటి అరకు వైపు 8,000 అడుగుల ఎత్తులో వెళ్తూ మరో సంగతి చూశాను. అసలు 172ఎస్‌లో ఉన్నట్టే, మీటరు అంచున ఉన్న నాబ్ తిప్పి ఎత్తునూ బయటి ఉష్ణోగ్రతనూ జతపరిస్తే చిన్న కిటికీలో వాస్తవ వేగం కనిపిస్తుంది. బయట 15 డిగ్రీలున్నప్పుడు ముల్లు 100 దగ్గర నిలిస్తే కిటికీలో 116 వచ్చింది. పలచటి గాలికి కాగితం మీద వేసిన లెక్క కూడా అంతే. బయటి స్టాటిక్ రంధ్రం మూసుకుపోతే వాడే ప్రత్యామ్నాయ స్టాటిక్ నాబ్ లాగితే ముల్లు కొద్దిగా ఎక్కువ చూపడం కూడా సరిగానే ఉంది.

పెద్ద లోపం వైఫల్యాల విభాగంలో ఉంది. పిటో ట్యూబ్ ముందు రంధ్రంతో పాటు నీరు కారే చిన్న రంధ్రం కూడా మూసుకుపోతే లోపలి ఒత్తిడి అక్కడే చిక్కుకుపోతుంది కనుక, విమానం ఎక్కేకొద్దీ వేగం పెరుగుతున్నట్టు ముల్లు భ్రమపెట్టాలి. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్తో ప్లాటా నుంచి బయల్దేరిన టర్కీ విమాన సంస్థ బిర్గెనైర్ బోయింగ్ 757లో కెప్టెన్ వైపు పిటో మూసుకుపోయి, మీటరు ఇలాగే లేని వేగాన్ని చూపింది. 189 మంది మరణించారు. ఈ సెస్నాలో మాత్రం ఏ రకంగా మూసుకుపోయినా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. సున్నా చూపే మీటరును ఎవరూ నమ్మరు. నమ్మదగినట్టుగా తప్పు చెప్పే మీటరును అనుమానించడమే విద్యార్థి నేర్చుకోవలసిన పని, ఆ సాధనకు ఇందులో అవకాశమే లేదు.

టేకాఫ్, ల్యాండింగ్, స్టాల్ సాధన కోసమైతే ఈ విమానాన్ని నిస్సంకోచంగా కొనవచ్చు. పిటో వైఫల్యాల సాధన కోసమే కొనాలనుకునేవారు ఆ లోపం సరిచేసిన అప్‌డేట్ వచ్చేదాకా ఆగడం మంచిది.