ఐదు హెచ్‌పీ గాలి మిషన్‌తో ఎనిమిదేళ్లు: మిషన్ మంచిదే, మాటలే ముంచాయి

విజయవాడ ఆటోనగర్‌లో నాకో చిన్న షెడ్డు ఉంది. డెంటింగు, పెయింటింగు, పక్కనే టైర్ల పని. 2017 దసరాకు ముందు ఐదు హెచ్‌పీ గాలి మిషన్, అదే ఎయిర్ కంప్రెసర్, కొన్నాను. రెండు స్టేజీలది, బెల్టు మీద తిరిగేది, 220 లీటర్ల ట్యాంకు, త్రీ ఫేజ్ మోటారు. ఎనిమిదేళ్లు దాటినా ఇప్పటికీ రోజూ తిరుగుతూనే ఉంది. ఏ కంపెనీదో రాయడం లేదు. నేను పడ్డ తిప్పలు ఏ కంపెనీ మిషన్ కొన్నా పడేవాణ్ణే. మిషన్ నన్ను పెద్దగా ఏడిపించలేదు. దాని మీద అతికించిన రేకు మీది మాటలు అర్థం కాకపోవడమే ఏడిపించింది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు వదిలించిన మాట సీఎఫ్ఎం. నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని అర్థం. ఒక ఘనపుటడుగు అంటే 28.3 లీటర్లు. నా మిషన్ కాగితంలో 19 సీఎఫ్ఎం అని ఉంది. పెయింట్ గన్ డబ్బా మీద 12, టైర్ల దగ్గర నట్లు విప్పే ఇంపాక్ట్ గన్‌కు 5. రెండూ కలిపితే 17. ఇంకా రెండు మిగులుతుందని సంబరపడ్డాను. అమ్మినాయన కూడా "మీకు చాలు సార్, ఎక్కువే" అన్నాడు. పని మొదలెట్టాక రెండో వారంలోనే మా పెయింటరు మేస్త్రి కేకలు. "గాలి పడిపోతోందండీ, రంగు ఉమ్ముతోంది!" వెళ్లి చూస్తే తలుపు మీద రంగు నున్నగా పరుచుకోకుండా బత్తాయి తొక్కలా గరుకుగా ఉంది. పెయింటర్లు దాన్ని ఆరెంజ్ పీల్ అంటారు. గేజీ చూస్తే ప్రెషర్ ఏడు కేజీలు ఉండాల్సింది నాలుగు దగ్గర ఊగుతోంది. మోటారు మాత్రం పొద్దున్నుంచి ఆగింది లేదు.

ఆ 19 అసలు గాలి కాదని నాకు చెప్పింది పక్క షెడ్డులో పాతికేళ్లుగా కంప్రెసర్లు విప్పుతున్న బాబాయ్. అది పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్. అంటే సిలిండర్ సైజు, పిస్టన్ నడిచే దూరం, నిమిషానికి ఎన్ని తిప్పులు, ఈ మూడూ గుణించి కాగితం మీద వేసిన లెక్క. పిస్టన్ పైకి వచ్చినప్పుడు మూల మిగిలే కాస్త గాలి, వాల్వుల్లోంచి వెనక్కి జారేది, వేడికి ఉబ్బేది, ఇవన్నీ పోగా మనకు నిజంగా దక్కే దాన్ని ఎఫ్ఏడీ అంటారు, ఫ్రీ ఎయిర్ డెలివరీ. బయట మామూలుగా ఉన్న గాలి ఎంతను మింగి ట్యాంకులోకి తోస్తోందో ఆ లెక్క. పిస్టన్ మిషన్లలో డిస్‌ప్లేస్‌మెంట్‌లో ముప్పాతిక వంతు దక్కితే మంచి మిషన్ కిందే లెక్క. "ఒక హెచ్‌పీకి మూడు, మహా అయితే నాలుగు సీఎఫ్ఎం. అంతకంటే ఎక్కువ చెప్తే ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నట్టే అబ్బాయ్" అన్నాడు బాబాయ్. అమ్మినాయన అబద్ధమాడాడని అనలేను. కాగితంలో డిస్‌ప్లేస్‌మెంట్ అని చిన్న అక్షరాల్లో ఉండనే ఉంది. చదవనిది నేను.

అప్పుడే బాబాయ్ ఒక పరీక్ష నేర్పాడు. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, బయటికి పోయే వాల్వు బిగించి, మిషన్ వేసి, ముల్లు సున్నా నుంచి ఏడు కేజీలకు రావడానికి ఎంత సేపు పడుతుందో ఫోన్‌లో చూడటమే. గేజీ సున్నా చూపిస్తున్నా ట్యాంకులో మామూలు గాలి నిండా ఉంటుంది. ఏడు చూపించిందంటే ఇంచుమించు ఇంకో ఏడు ట్యాంకుల గాలి అందులో కుక్కినట్టు. 220ని ఏడుతో గుణిస్తే 1540 లీటర్లు, అంటే 54 ఘనపుటడుగులు. నా మిషన్‌కు 3 నిమిషాల 50 సెకన్లు పట్టింది. భాగిస్తే 14 చిల్లర. ట్యాంకులో గాలి వేడిగా ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకొంచెం తక్కువే. 19 అనుకుని కొన్నది 14. ఆ రోజు తేదీ, టైము స్టార్టర్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టాను.

ఆ లెక్క తెలిశాక పెయింట్ గన్ నడుస్తున్నంత సేపూ ఇంపాక్ట్ గన్ ముట్టుకోవద్దని కుర్రాళ్లకు చెప్పేశాను. గాలి ఎక్కడెక్కడ కారుతోందో కూడా వెతికాం. సబ్బు నీళ్లు పూస్తే ఐదు చోట్ల బుడగలొచ్చాయి. ఏడు కేజీల దగ్గర మిల్లీమీటరు బెజ్జం ఒక్కటున్నా రెండున్నర సీఎఫ్ఎం దాకా పోతుంది. 14లో రెండున్నర పోవడమంటే చిన్న విషయం కాదు. క్లిప్పులు మార్చి, టెఫ్లాన్ టేపు చుట్టాక మిషన్ కాస్త ఊపిరి తీసుకుంది.

ప్రెషర్ కొలతల గొడవ ఇంకోటి. బడిలో పీడనం అని చదువుకున్నాం గానీ షెడ్డులో ఆ మాట అంటే ఎవరూ తల కూడా తిప్పరు. ఇక్కడ పెద్దవాళ్లంతా కేజీలంటారు, చదరపు సెంటీమీటరు మీద కేజీ. కార్ల వాళ్లు పీఎస్ఐ అంటారు. కొత్త గేజీల మీద బార్ ఉంటుంది. కేజీ అంటే 14.2 పీఎస్ఐ, బార్ అంటే 14.5. రెండూ ఒకటే అనుకుంటే మా పనిలో పెద్ద నష్టం లేదు. కారు టైరుకు 32 అన్నా, రెండుంపావు కేజీ అన్నా ఒకటే. ఒక గేజీలోనే రెండు స్కేళ్లుంటే కొత్త కుర్రాడు తికమకపడతాడు. అందుకే టైర్ల దగ్గర గేజీకి మేము వాడని స్కేలు మీద నెయిల్ పాలిష్ పూయించాను.

2018 వానాకాలం నీళ్ల గురించి నేర్పింది. తెల్ల కారు బానెట్‌కు రంగు వేసి రాత్రి వదిలేస్తే, తెల్లారేసరికి దాని మీద ఆవగింజంత పొక్కులు, మధ్యలో చేప కళ్లలాంటి గుంటలు. పొక్కులు నీటివి, చేప కళ్లు నూనెవి. కస్టమర్ ముందు తలెత్తుకోలేక మొత్తం గీకి మళ్లీ వేశాం. ట్యాంకు కింద డ్రెయిన్ వాల్వు తిప్పితే పలచటి కాఫీ రంగు నీళ్లు బకెట్‌లో పడుతూనే ఉన్నాయి.

ఆ నీళ్లు ఎక్కడివంటే గాలిలోవే. వానాకాలంలో ముప్పై డిగ్రీల దగ్గర మన గాలి ఘనపు మీటరుకు పాతిక గ్రాముల దాకా నీటి ఆవిరి మోస్తుంది. నా మిషన్ ఆగకుండా తిరిగితే గంటకు సుమారు 24 ఘనపు మీటర్ల గాలి మింగుతుంది. అంటే అర లీటరు పైగా నీళ్లు దానితోనే లోపలికి వెళ్తున్నాయి. గాలిని నొక్కి చల్లార్చాక అందులో చాలా భాగం నీళ్లయి కూర్చుంటుంది. ఇదంతా తెలియక ట్యాంకు నోటికే ఒక మాయిశ్చర్ సెపరేటర్ బిగించాను. దానివల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు. సెపరేటర్ పట్టేది చుక్కలైన నీటిని. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు ఆవిరిగానే దాన్ని దాటిపోయి, ముందుకెళ్లి హోస్‌లో చల్లారి చుక్కలవుతాయి, నేరుగా గన్‌లోకి. తర్వాత పదిహేను మీటర్ల జీఐ పైపును గోడ పొడుగునా కాస్త వాలుగా వేయించి, గన్ లైనును పైపు పైభాగం నుంచి మెడలా వంచి దింపించాను. వాలు చివర ఒక డ్రెయిన్ కాక్ పెట్టించి, సెపరేటర్‌ను గన్ దగ్గరికి మార్చాను. సగం రోగం అక్కడే కుదిరింది.

మిగతా సగానికి 2021లో డ్రయర్ కొనక తప్పలేదు. సెపరేటరూ ఫిల్టరూ డ్రయరూ మూడూ ఒకటే అన్నట్టు షాపుల్లో మాట్లాడతారు గానీ మూడూ వేరు. సెపరేటర్ నీటి చుక్కలను, ఫిల్టర్ మురికినీ నూనె తుంపరనూ, డ్రయర్ ఆవిరినీ చూసుకుంటాయి. నేను కొన్నది రిఫ్రిజిరేటెడ్ డ్రయర్. లోపల ఫ్రిజ్‌లాంటిదే ఉంటుంది. దాని మీద ప్రెషర్ డ్యూ పాయింట్ 3 డిగ్రీలు అని రాసి ఉంటుంది. అంటే ఆ ప్రెషర్‌లో ఉన్న గాలి 3 డిగ్రీలకు చల్లబడితే తప్ప నీరు కాదు. విజయవాడలో ఏ పైపూ ఏ కాలంలోనూ 3 డిగ్రీలకు పోదు, కాబట్టి మాకు అది సరిపోతుంది. మైనస్ 40 అని రాసే, తేమ పీల్చే గుళికలుండే డెసికెంట్ డ్రయర్లు మందుల ఫ్యాక్టరీలకు, మనకెందుకు? జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేసే మా బావమరిది ఇంకో మాట చెప్పాడు. గాలి ఎంత శుభ్రమో క్లాసుల లెక్కన చెప్తారు, వాళ్ల గాలిని క్లాస్ 0 అంటారట. నూనె సున్నా అని అర్థమేమో అనుకున్నాను. కాదు, క్లాస్ 1 కంటే గట్టి హద్దు అని, ఆ హద్దు ఎంతో కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ముందే రాసుకోవాలని అన్నాడు. సున్నా అన్న మాటలో కూడా తిరకాసే!

హెచ్‌పీ అనే మాటకు మా షెడ్డులో రెండర్థాలు. ఒకటి హార్స్ పవర్, ఇంకోటి హై ప్రెషర్. రెండు స్టేజీల మిషన్‌లో పెద్ద సిలిండర్ ముందు కొంత నొక్కుతుంది, అది ఎల్‌పీ. ఆ గాలి మధ్యలో రెక్కల పైపులో చల్లారి చిన్న సిలిండర్‌కు వెళ్తుంది, అది హెచ్‌పీ. కొత్తవాళ్లు పెద్దదే హెచ్‌పీ అనుకుంటారు. ఒకసారి స్పేర్ల షాపుకు ఫోన్ చేశాను.

"హెచ్‌పీ వాల్వు ప్లేటు కావాలండీ."

"ఎన్ని హెచ్‌పీ?"

"ఐదు."

"ఐదు హెచ్‌పీకి ఎల్‌పీనా హెచ్‌పీనా?"

"హెచ్‌పీ అన్నాను కదండీ!"

చివరికి వచ్చింది ఎల్‌పీ ప్లేటు. అప్పటి నుంచి పాతది చేతిలో పట్టుకుని వెళ్తున్నాను.

మిషన్ ఆగినప్పుడు ప్రెషర్ స్విచ్ దగ్గర "బుస్" మని ఒక్కసారి గాలి వదలడం మామూలే. అది అన్‌లోడర్. హెడ్డుకూ (సిలిండర్లుండే భాగం) ట్యాంకుకూ మధ్య పైపులో ఉన్న గాలిని వదిలేస్తుంది, మళ్లీ మొదలైనప్పుడు మోటారు మీద బరువు పడకుండా. కానీ నాలుగో ఏడు నా మిషన్ ఆగాక కూడా "స్‌స్‌స్" మంటూ వదులుతూనే ఉండేది. తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. వచ్చిన ఎలక్ట్రీషియన్ స్విచ్ మార్చాడు, తగ్గలేదు. మళ్లీ మార్చాడు. రెండు స్విచ్‌ల డబ్బులు పోయాక బాబాయ్ వచ్చి, గాలి కారేది స్విచ్ దగ్గరే అయినా రోగం ఎన్ఆర్‌వీలో ఉందన్నాడు. నాన్ రిటర్న్ వాల్వ్, గాలిని ట్యాంకులోకి పోనిచ్చి వెనక్కి రానివ్వనిది. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి (ముల్లు సున్నాకు రాకుండా స్పానర్ పెట్టొద్దు, ప్రాణం మీదికొస్తుంది) ఆ ఇత్తడి ముక్క విప్పితే లోపల చిన్న బిళ్ల, దాని కింద మినపగింజంత నల్లటి పెచ్చు. అది కార్బన్. కిరోసిన్‌తో కడిగి బిగిస్తే చప్పుడు పోయింది. ఆ కార్బన్ ఎందుకొచ్చిందంటే, మధ్యలో మా కుర్రాడు కంప్రెసర్ నూనె అయిపోయిందని బండి ఇంజిన్ ఆయిల్ పోశాడు. వీజీ 100 (నూనె చిక్కదనం అంకె) అని రాసి ఉన్న కంప్రెసర్ నూనె తప్ప ఇప్పుడు షెడ్డులో వేరేదేదీ దాని దగ్గరికి రానివ్వను.

కట్ ఇన్, కట్ అవుట్ అంటే మిషన్ మళ్లీ మొదలయ్యేది, ఆగేది. నాది ఎనిమిది కేజీలకు మొదలై పది కేజీలకు ఆగుతుంది. సేఫ్టీ వాల్వు దానికి కాస్త పైన తెరుచుకోవాలి. ఒకసారి అది కొద్దిగా కారుతోందని ఒకడు బోల్టు కొట్టి మూసేయబోయాడు. ఆ రోజు వాణ్ణి తిట్టినట్టు ఎవర్నీ తిట్టలేదు.

వెల్డింగ్ సిలిండర్ల గురించీ ఒక మాట. ఆక్సిజన్ సిలిండర్‌ను ఏడు క్యూబిక్ మీటర్లని అమ్ముతారు, దాని మీదేమో 46.7 లీటర్లని ఉంటుంది. మోసం కాదు. 46.7 అంటే నీళ్లు పోస్తే పట్టేది. అందులో 150 కేజీల ప్రెషర్‌తో కుక్కితే 7000 లీటర్లు, అదే ఏడు క్యూబిక్ మీటర్లు. నా ట్యాంకు లెక్కే, కాకపోతే ఏడు బదులు నూట యాభై. గాలి తక్కువైనప్పుడు ఆక్సిజన్‌తో దుమ్ము కొట్టేవాళ్లను చూశాను. బట్టలకు నూనె ఉండి ఒక్క నిప్పురవ్వ పడితే మనిషి దివిటీ అయిపోతాడు. దయచేసి ఆ పని చేయకండి.

ఇప్పుడు కొనాల్సి వస్తే ఇదే మిషన్ కొంటానా? ఒక్క గన్నూ, టైర్లూ అయితే కొంటాను. హెడ్డు గట్టిది, బెల్టులు రెండుసార్లు, పిస్టన్ రింగులు ఒకసారి మార్చాను, మోటారు ముట్టుకోలేదు. రెండు గన్‌లు నడవాలన్నా, పాత రంగు గీకే శాండర్ మెషిన్ పెట్టాలన్నా ఇది చాలదు. శాండర్ ఒక్కటే పది సీఎఫ్ఎం తాగుతుంది. ఏడున్నర హెచ్‌పీకి వెళ్లండి. రోజంతా ఆగకుండా గాలి కావాలంటే స్క్రూ కంప్రెసర్ (పిస్టన్ బదులు స్క్రూలతో గాలిని నొక్కేది) చూడండి. పిస్టన్ మిషన్ గంటలో ఇరవై నిమిషాలైనా ఆగి చల్లారాలి. ఏది కొన్నా కొటేషన్‌లో "ఏడు కేజీల దగ్గర ఎఫ్ఏడీ ఇంత" అని రాయించుకోండి. రాయనన్నవాడి దగ్గర కొనకండి.

నిన్న మళ్లీ ట్యాంకు ఖాళీ చేసి టైము చూశాను. 4 నిమిషాల 35 సెకన్లు. అంటే 12కి దిగింది. గోడ మీద రాశాను, పాత అంకె కింద. ఈసారి రింగులతో పాటు రెండు వాల్వు ప్లేట్లూ మార్చాలంటున్నాడు బాబాయ్. సంక్రాంతికి షెడ్డు మూసినప్పుడు విప్పుతాం.