తలకోన: వాన చూసుకుని వెళ్లాల్సిన చోటు

ఏప్రిల్, మేలో తలకోన జలపాతానికి వెళ్లినవాళ్లు బండకు అంటుకుని జారే సన్నధారను చూసి ‘ఇంతేనా’ అంటారు. 270 అడుగుల ఎత్తున్నా వేసవిలో కోన అంతే. తిరుపతి, చిత్తూరు వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అలాగని తుఫాను కురుస్తుండగా బయల్దేరొద్దు. వాగులు పొంగితే అటవీ శాఖ లోపలికి వదలదు, వదిలినా నీళ్లు బురద రంగులో ఉంటాయి. వాన తెరిపిచ్చాక నాలుగైదు రోజులు ఆగితే నీళ్లు తేటపడతాయి, ధారా బాగుంటుంది.

తిరుపతి నుంచి శ్రీనివాసమంగాపురం, భాకరాపేట, నెరబైలు మీదుగా దాదాపు 60 కిలోమీటర్లు. కారులో రెండు గంటలు వేసుకోండి. భాకరాపేట ఘాట్‌ను పొద్దుండగానే దాటాలి. 2022 మార్చిలో బస్సు లోయలో పడింది ఇక్కడే. పెట్రోలు, చిల్లర డబ్బులు భాకరాపేటలోనే చూసుకోవాలి. కోనలో సిగ్నల్ అందక ఫోన్‌పే మొరాయిస్తుంది. నేరుగా వెళ్లే బస్సులు తక్కువ కాబట్టి నెరబైలులో దిగి ఆటో మాట్లాడుకోవాలి, రానూపోనూ కలిపి మాట్లాడుకోవాలి. సాయంత్రం కోనలో ఆటో దొరకడం కష్టం.

నెరబైలు చిన్న పల్లె, అక్కడ లాడ్జి ఆశించొద్దు. సిద్ధేశ్వరస్వామి గుడి పరిసరాల్లో పర్యాటక శాఖ, అటవీ శాఖ గదులున్నాయి. హంగులు తక్కువే. అయినా మా ఓటు వాటికే, ఎందుకంటే పొద్దున ఏడింటికల్లా జలపాతం దగ్గరుండొచ్చు. పదింటికి తిరుపతి కార్లు దిగుతాయి. ఆదివారం, కార్తీక సోమవారం, శివరాత్రి రోజుల్లో బండి పెట్టడానికే చోటుండదు. సంగటి, నాటుకోడి పులుసు కావాలంటే వచ్చీరాగానే చెప్పాలి, ఆకలేశాక అడిగితే మిగిలేది పులిహోరే.

జలపాతం కింద బండల మీద పాచి. హవాయి చెప్పులు అస్సలు పనికిరావు. మడుగు పైకి నెమ్మదిగా కనబడుతుంది గానీ అడుగున బండలుంటాయి. ఈత వచ్చినవాళ్లే ఎక్కువగా మోసపోతారు. పైనుంచి దూకడం మాట ఎత్తొద్దు.

ఇదంతా 1989లో ఏర్పడ్డ శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు, 353 చదరపు కిలోమీటర్లు. దేవాంగ పిల్లి (స్లెండర్ లోరిస్) రాత్రి తిరిగే జీవి, పగటి యాత్రికుడికి చిక్కదు. బెట్లుడత అనే పెద్ద ఉడత మాత్రం తలెత్తి కొమ్మలు చూస్తూ నడిస్తే దొరకొచ్చు. చెట్ల మధ్య తాళ్ల వంతెన తెరిచి ఉందో లేదో చెక్‌పోస్టులోనే అడగండి. సంచి జిప్పు వేసుకోండి, కోతులకు చిప్స్ ప్యాకెట్ చప్పుడు బాగా తెలుసు.