ఎండకు కమిలి పొర లేస్తున్న చర్మంతో వ్యాయామం: ఈతకొలనా, జిమ్మా, తెల్లవారుజాము నడకా?

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఆరుబయట పరుగెత్తేవారికి భుజాలు, మెడ వెనుక భాగం కమిలిపోవడం, నాలుగైదు రోజులకు అక్కడి చర్మం ఉల్లిపొరలా లేవడం తెలిసిన సంగతే. బొబ్బలెక్కినా, జ్వరమో వణుకో వచ్చినా వ్యాయామం ఆపి వైద్యుణ్ణి కలవాలి. అంత తీవ్రత లేనప్పుడు పూర్తిగా మానేయనక్కరలేదు గానీ, ఎక్కడ చేస్తున్నాం, ఒంటికి ఏం రాస్తున్నాం అన్నవి చూసుకోవాలి.

ఈతకొలను హాయిగా అనిపించినా క్లోరిన్ నీళ్లు చర్మాన్ని ఇంకా పొడిబారుస్తాయి. పైకప్పు లేనిచోట నీళ్లలో ఉన్నా అతినీలలోహిత కిరణాలు తగులుతూనే ఉంటాయి. కొత్త చర్మం కుదురుకునేదాకా కొలను జోలికి పోకపోవడం మంచిది.

జిమ్‌లో ఎండ బాధ లేదు, అక్కడి ఇబ్బంది రాపిడి. బార్‌ను భుజాలపై మోసినా, బెంచీపై వెల్లకిలా పడుకున్నా ఇంకా ఊడడానికి సిద్ధం కాని పొర చిరుగుతుంది. పదిమంది చెమట అంటిన రెగ్జిన్‌కు ఆ పచ్చి చర్మం తగిలితే ఇన్ఫెక్షన్ రావచ్చు. సొంత తువ్వాలు పరుచుకుని, ఆ వారం కాళ్ల వ్యాయామాలతో సరిపెట్టుకునేవారికి జిమ్ ఫరవాలేదు.

నేను మాత్రం తెల్లవారుజాము నడకనే ఎంచుకుంటాను. మే నెలలో ఇక్కడ 6 గంటలకు ముందే తెల్లవారుతుంది కాబట్టి, 7 లోపు ఇల్లు చేరేవారికి ఉదయం 10 నుంచి సాయంత్రం 4 వరకు ఉండే తీవ్రమైన ఎండ తగలదు. నెక్లెస్ రోడ్డులో నీడ తక్కువ, కేబీఆర్ పార్కు చెట్ల కింద నయం. సైకిల్ తొక్కేవారికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల ట్రాక్‌పై సౌరఫలకాల కప్పు ఉంది. అయితే పొద్దున ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడుతుంది కనుక అక్కడా నిండు చేతుల చొక్కా వేసుకోవాలి. పలుచని తెల్ల నూలు టీషర్టు చెమటకు తడిస్తే ఎండను సరిగా ఆపలేదు. ముదురు రంగులో, ఒంటికి అతుక్కోకుండా వదులుగా ఉండే పాలిస్టర్ చొక్కా ఆ విషయంలో మెరుగు. కమిలిన చర్మానికి చెమట సరిగా పట్టక ఒళ్లు చల్లబడడం మందగిస్తుంది కాబట్టి, ఎక్కడ చేసినా వేగం తగ్గించి నీళ్లు ఎక్కువ తాగాలి.

రాసుకునేవాటిలో మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది కొబ్బరినూనె. కమిలిన మొదటి రోజుల్లో నూనె గానీ పెట్రోలియం జెల్లీ గానీ వేడిని లోపలే పట్టి ఉంచుతాయి కనుక అప్పుడు కలబంద గుజ్జు నయం. కుండీలోని మట్టను కోసినప్పుడు కారే పసుపుపచ్చని జిగురు మంట పుట్టించవచ్చు కాబట్టి, అది పూర్తిగా కారిపోయాక కడిగి లోపలి గుజ్జు మాత్రమే తీసుకోవాలి. పొర లేవడం మొదలయ్యాక సువాసన లేని మాయిశ్చరైజర్‌ను స్నానం చేసిన వెంటనే, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే రాయడం వీటన్నిటిలోకీ మేలు. సన్‌స్క్రీన్ విషయంలో ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె) 30 ఉన్నది సుమారు 97 శాతం, 50 ఉన్నది సుమారు 98 శాతం యూవీబీ కిరణాలను, అంటే చర్మాన్ని కమిలించే అతినీలలోహిత కిరణాలను, ఆపుతాయి. కాబట్టి అంకె కోసం ఎక్కువ ఖర్చు పెట్టడం కన్నా, బయలుదేరడానికి పావుగంట ముందు ధారాళంగా రాసి, చెమట పట్టాక మళ్లీ రాయడం ముఖ్యం. పచ్చిగా తేలిన చోట అది కూడా వద్దు, గుడ్డ కప్పితే చాలు.

పోయిన వేసవిలో నా ఎడమ భుజంపై సగం లేచిన పొరను చేత్తో లాగాను. ఊడాల్సిన చోట ఆగక, అతుక్కుని ఉన్న చర్మాన్ని కూడా రూపాయి బిళ్లంత మేర లాక్కొచ్చింది. మర్నాడు నడకలో చెమట ఉప్పు అక్కడ తగిలినప్పుడు పుట్టిన మంటకు మధ్యలోనే వెనుదిరిగాను. అప్పటినుంచి వేలాడే కొసను శుభ్రమైన చిన్న కత్తెరతో కత్తిరించి, మిగతాది దానంతటదే ఊడేదాకా ముట్టుకోవడం లేదు.