ఫార్మాలిన్‌కి వెండి మేలా, ఐరన్ మాలిబ్డేటా?

పరవాడ వైపు కొత్తగా ఉద్యోగంలో చేరిన మా తమ్ముడు మొన్న ఫోన్ చేసి, "అన్నయ్యా, ఫార్మాలిన్ ప్లాంట్‌కి సిల్వర్ మంచిదా, మాలిబ్డేటా?" అన్నాడు. నా ఓటు మాలిబ్డేట్‌కే, కాకపోతే అన్ని చోట్లా కాదు.

రెండూ ఉత్ప్రేరకాలే, అంటే రసాయన చర్యని వేగంగా నడిపించేవి. రెండింటి పనీ మిథనాల్‌ని ఫార్మాల్డిహైడ్ చేయడమే, దాన్ని నీళ్లలో కలిపితే ఫార్మాలిన్. వెండి పలుకుల్ని రెండు మూడు సెంటీమీటర్ల మందాన పరిచి, 600-700 డిగ్రీల్లో, మిథనాల్ ఎక్కువ గాలి తక్కువగా నడుపుతారు. మాలిబ్డేట్ గుళికలు వేల ట్యూబుల్లో ఉంటాయి, వేడి 270-400 డిగ్రీలే, ఇక్కడ గాలే ఎక్కువ. అంటే మిథనాల్, గాలి ఏ పాళ్లలో కలిస్తే పేలతాయో ఆ పరిధికి వెండి పైన, మాలిబ్డేట్ కింద నడుస్తాయి.

మాలిబ్డేట్‌లో నాకు నచ్చేది ఇనుము, మాలిబ్డినం అనే రెండు లోహాల జోడీయే. ఒక్క ఐరన్ ఆక్సైడ్ వేస్తే మిథనాల్‌ని కార్బన్ డయాక్సైడ్ దాకా కాల్చేస్తుంది, ఒక్క మాలిబ్డినం ఆక్సైడ్ వేస్తే సరుకు శుభ్రంగా వస్తుంది గానీ నత్తనడక. కలిపితేనే దారికొస్తాయి. మిథనాల్‌కి కావాల్సిన ఆక్సిజన్‌ని మాలిబ్డేట్ తన ఒంట్లోంచే తీసి ఇస్తుంది, ఖాళీ అయిన చోటు తర్వాత గాలి నింపుతుంది. దిగుబడి 88 నుంచి 92 శాతం, వెండికి 86-90. మన దేశానికి మిథనాల్ చాలా మటుకు దిగుమతే కాబట్టి ఆ రెండు శాతం చిన్నది కాదు.

వెండికి ఇనుము పడదు, ఉప్పు పడదు, గంధకం పడదు. మన విశాఖలో బీచ్ దగ్గర కిటికీ గ్రిల్ ఎన్నాళ్లుంటుందో తెలుసు కదా, పైపులోంచి ఆ తుప్పే రాలి వెండి మీద పడితే సరుకు పాడవడం మొదలవుతుంది. పైగా మూడు నుంచి ఎనిమిది నెలలకి ఆ వెండి పరుపు మార్చాలి.

అలాగని మాలిబ్డేట్ బంగారమేం కాదు, ఏడాది, ఏడాదిన్నరకి దాన్నీ మార్చాల్సిందే. వేడి ఎక్కువున్న చోట మాలిబ్డినం ఆవిరై, కింద చల్లబడ్డ చోట సన్నటి సూదుల్లా పేరుకుంటుంది, దాంతో ట్యూబులు పూడుకుని ప్రెషర్ డ్రాప్ పెరుగుతుంది, అంటే గ్యాస్‌ని తోయడానికి ఇంకా ఒత్తిడి కావాలి. అంత గాలిని తోయాలి కాబట్టి బ్లోయర్ల కరెంటు బిల్లు సరేసరి.

"మాది చిన్న ప్లాంటే అన్నయ్యా" అన్నాడు చివర్లో. ముందే చెప్పొచ్చు కదరా! అలాగైతే వెండే. పెట్టుబడి తక్కువ, బయటికొచ్చే గ్యాస్‌లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి కాల్చి స్టీమ్ చేసుకోవచ్చు, వాడేసిన వెండిని కూడా ఎలక్ట్రాలిసిస్‌తో శుద్ధి చేసి మళ్లీ పరుచుకోవచ్చు. పైపులు మాత్రం స్టెయిన్‌లెస్ వేయించమన్నాను.