శిక్ష పడి డిస్మిస్ అయ్యాక మళ్ళీ ఆర్మీలోకి: అప్పీలా, ట్రిబ్యునలా, కొత్త భర్తీయా? ఏది మేలు?

సెలవు మీద ఊరికొచ్చిన జవాను గట్టు తగాదాలో ఇరుక్కుంటాడు. లేదంటే ఇంట్లో గొడవ పోలీస్ స్టేషన్ దాకా పోతుంది. కేసు నాలుగైదేళ్ళు నడిచి కోర్టులో శిక్ష పడుతుంది, కొన్నాళ్ళకు యూనిట్ నుంచి డిస్మిసల్ ఆర్డర్ వస్తుంది. యూనిట్ ఆఫీసులో క్లర్కుగా చేసి వచ్చినవాణ్ణి, పిటిషన్లు రాసిపెడతానని తెలిసి చాలామంది ఫోన్ చేస్తుంటారు. అందరిదీ ఒకటే మాట: "సాబ్, మళ్ళీ తీసుకుంటారా? చెన్నై ట్రిబ్యునల్‌కు వెళ్ళమంటారా?"

ట్రిబ్యునల్ అంటే సైనికుల సర్వీసు కేసులు వినే ఏఎఫ్‌టీ (ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్). దాని గురించి తర్వాత చెప్తాను. ముందు నేను అడిగేది వేరే. కోర్టు తీర్పులో "దోషి" అన్న మాట ఇంకా నిలబడి ఉందా, పోయిందా? నా లెక్కలో మొత్తం వ్యవహారం దాని మీదే ఆధారపడి ఉంటుంది. మిగతా దారులన్నీ దాని తర్వాతే.

మనవాళ్ళు శిక్ష ఎంత అన్నదే చూస్తారు, దోషి అన్న ముద్రను పట్టించుకోరు. జైలు తప్పితే చాలనుకుంటారు. ఆర్మీ చూసేది మాత్రం ముద్రనే. అప్పీల్ వేశాక శిక్ష సస్పెండై బెయిల్ వచ్చిందంటే జైలుకు వెళ్ళక్కర్లేదని అర్థం, అంతే. దోషి అన్న తీర్పు చెక్కుచెదరదు. ఆ తీర్పు మీద కూడా స్టే అడగొచ్చు కానీ కోర్టులు చాలా అరుదుగా ఇస్తాయి. ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతుతో వదిలేశారు కాబట్టి ఉద్యోగం భద్రమే అనుకోవడం ఇంకో భ్రమ. 1990లో బక్షీ రామ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది: ప్రొబేషన్ ఇచ్చినంత మాత్రాన నేరం చేయలేదని కాదు, ఆ ప్రవర్తన మీద శాఖ చర్య తీసుకోవచ్చు.

అన్నిటికంటే ప్రమాదం "ఒప్పేసుకుని ఫైన్ కట్టేయ్, ఒక్క వాయిదాలో అయిపోతుంది" అనే సలహా. లీవు అయిపోతోందన్న టెన్షన్‌లో జవాను సరే అంటాడు. నేరం ఒప్పుకున్నవాడికి తర్వాత అప్పీల్లో శిక్ష ఎక్కువైందనో, చట్టప్రకారం లేదనో వాదించడానికే వీలుంటుంది. నేను దోషిని కాను అని వాదించే తలుపు మూసుకుపోతుంది. వెయ్యి రూపాయల ఫైన్‌తో పోయిందనుకున్న కేసు పదేళ్ళ సర్వీసుకు ఎసరు పెడుతుంది.

దానికి బదులు రాజీ. చట్టం రాజీకి ఒప్పుకునే నేరమైతే, రాజీ నమోదైన కేసు నిర్దోషిగా విడుదలైనదాంతో సమానం. మామూలు దెబ్బలు, బెదిరింపు, అక్రమ ప్రవేశం లాంటి కేసులకు ఈ వీలుంది. శిక్ష పడ్డాక కూడా అప్పీల్ కోర్టు అనుమతితో రాజీ చేసుకోవచ్చని చాలామందికి తెలియదు. గట్టు తగాదాలో అవతలివాడు పెదనాన్న కొడుకే అయినప్పుడు ఊరి పెద్దల్ని కూర్చోబెట్టడానికి సిగ్గుపడటం అనవసరం. అయితే కొడవలో గొడ్డలో మధ్యలోకి వచ్చిందంటే కింది కోర్టులో రాజీ కుదరదు, కేసు కొట్టేయమని హైకోర్టునే అడగాలి. 498ఎ (భార్యను వేధించారనే) కేసుల్లో కోర్టు అనుమతితో రాజీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లోనే సవరణ తెచ్చారు. కాకపోతే అది పాత సీఆర్‌పీసీకి తెచ్చిన సవరణ. దాని స్థానంలో కొత్త చట్టం వచ్చిన 2024 జూలై 1 తర్వాతి కేసుల్లో దాన్నే నమ్ముకోకుండా లాయరును అడగండి.

గడువులు: మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్ కోర్టుకు 30 రోజులు, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకు 60 రోజులు.

నిర్దోషి అన్న తీర్పు వచ్చిందనుకుందాం. మర్నాడే యూనిట్‌కు వెళ్ళి రిపోర్ట్ చేయొచ్చా? కుదరదు. 1995లో నాగూర్ మీరా కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, శిక్షను బట్టి తీసేసిన ఉద్యోగి అప్పీల్లో గెలిస్తే ఆ ఆర్డర్‌ను మళ్ళీ సరిచూడవచ్చు. అది సివిల్ ఉద్యోగి కేసే అయినా జవాను పిటిషన్‌లో పెట్టుకోవాల్సిన తీర్పు. తీర్పు కాపీ జతచేసి, జవాన్ల సర్వీసు కాగితాలుండే రికార్డ్ ఆఫీసుకు వెంటనే రాయాలి. సాక్షులు అడ్డం తిరగడం వల్లో, సందేహం కిందో వచ్చిన విడుదల అయితే కొర్రీలు వేస్తారు. కేసులో పసే లేదని కోర్టు తేల్చి వదిలేస్తే బలం ఎక్కువ. ఎటుతిరిగీ పాత జీతం మీద ఆశ పెట్టుకోవద్దు. ఉద్యోగి తన సొంత వ్యవహారంలో కేసులో పడితే, పనిచేయని కాలానికి శాఖ జీతం ఇవ్వనక్కర్లేదని 2003లో జైపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది.

ఇక చెన్నై ట్రిబ్యునల్. ఏఎఫ్‌టీ మంచి వేదికే, కానీ సివిల్ కోర్టు (ఆర్మీ బయటి మామూలు కోర్టు) వేసిన శిక్షను అది రద్దు చేయలేదు. డిస్మిసల్ ఆర్డర్ సరిగ్గా ఇచ్చారా లేదా అన్నదే చూస్తుంది. అక్కడ మన చేతిలో ఆయుధాలు తక్కువ. విచారణ లేకుండా ఉద్యోగం తీసేయకుండా సివిల్ ఉద్యోగులకు రాజ్యాంగం ఇచ్చిన ఆర్టికల్ 311 రక్షణ సైనికులకు లేదు. ఆర్మీ రూల్ 17 కింద మామూలుగా ఇవ్వాల్సిన షోకాజ్ నోటీసు కూడా, కోర్టులో శిక్షపడ్డ కేసుల్లో ఇవ్వనక్కర్లేదు. మిగిలేది ఒక్క వాదనే: చేసిన తప్పుకు డిస్మిసల్ మరీ ఎక్కువ అని.

కోర్ట్ మార్షల్, అంటే ఆర్మీ సొంత కోర్టు వేసిన శిక్ష అయితే కథ వేరు. అక్కడ ఆర్మీ యాక్ట్ సెక్షన్ 164 కింద పైవాళ్ళకు పెట్టే పిటిషన్ తర్వాత ఏఎఫ్‌టీయే అప్పీల్ కోర్టు. దోషి అన్న తీర్పునే కొట్టేసే అధికారం దానికుంది కాబట్టి కళ్ళు మూసుకుని ట్రిబ్యునల్ దారే పట్టండి. ట్రిబ్యునల్ పుట్టక ముందే, 1987లో రంజిత్ ఠాకూర్ కేసు ఉంది. అన్నం తినమన్న ఆర్డర్ పాటించలేదని సమ్మరీ కోర్ట్ మార్షల్ పెట్టి ఏడాది జైలు, డిస్మిసల్ వేశారు. ఎవరి మీద అతను ఫిర్యాదు చేశాడో ఆ ఆఫీసరే తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నాడు. సుప్రీంకోర్టు మొత్తం కొట్టేసి, బకాయిలతో సహా ఉద్యోగం తిరిగి ఇప్పించింది. శిక్షపడ్డ సైనికుడు మళ్ళీ యూనిఫాం వేసుకోవడమంటే నాకు గుర్తొచ్చేది ఈ కేసే.

పదమూడు, పద్నాలుగేళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళకు మాత్రం నా సలహా మారుతుంది. అప్పీల్ తేలేసరికి వయసు దాటిపోతుంది, మళ్ళీ పరేడ్ గ్రౌండ్‌లో నిలబడే అవకాశం దాదాపు లేదు. వాళ్ళకు పోరాటం పెన్షన్ కోసమే. జవానుకు సర్వీసు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ళుండాలి. డిస్మిస్ అయినవాడికి పాత సర్వీసంతా పోతుంది, డిశ్చార్జ్ అయినవాడికి పోదు. అప్పీల్ గెలిస్తే మధ్యలో పోయిన కాలాన్ని లెక్కలోకి తీసుకోమని, గెలవకపోతే డిస్మిసల్‌ను డిశ్చార్జ్‌గా మార్చమని అడగాలి. పదిహేనేళ్ళు నిండాక డిస్మిస్ అయినవాళ్ళు ఇంకోటి కూడా అడగొచ్చు: ప్రత్యేక పరిస్థితుల్లో దయతో పెన్షన్ ఇచ్చే వీలు నిబంధనల్లోనే ఉంది.

కొత్త భర్తీ మాట ఎత్తొద్దు. అగ్నివీర్ వయసు ఇరవైల మొదట్లోనే ముగుస్తుంది. ఫారంలో పాత సర్వీసు, పాత కేసు గురించి అడుగుతారు. తెలిసీ అబద్ధం రాస్తే ఆర్మీ యాక్ట్ సెక్షన్ 44 కింద ఐదేళ్ళ దాకా జైలు. మాజీ సైనికుల్ని తీసుకునే డీఎస్‌సీ (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్), టెరిటోరియల్ ఆర్మీ కూడా డిశ్చార్జ్ బుక్ చూశాకే లోపలికి రానిస్తాయి. విదేశీయుల్ని చేర్చుకునే ఫ్రాన్స్ సైనిక దళం ఫ్రెంచ్ ఫారిన్ లీజియన్ అంటూ వీడియోలు పంపేవాళ్ళకు నేను జవాబివ్వను. రష్యాలో ఉద్యోగమని వెళ్ళి అక్కడి యుద్ధంలో 2024లో మన హైదరాబాద్ కుర్రాడే చనిపోయాడు.

"పోనీలే సాబ్, ఏ అపార్ట్‌మెంట్‌లోనో సెక్యూరిటీ గార్డుగా చేరతా" అనేవాళ్ళూ ఉన్నారు. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం సెక్షన్ 10 చదవండి. కోర్టులో శిక్షపడ్డవాణ్ణి, తప్పుడు ప్రవర్తన కింద సైన్యం నుంచి డిస్మిస్ అయినవాణ్ణి గార్డుగా గానీ సూపర్‌వైజర్‌గా గానీ పెట్టుకోకూడదు. అందుకే అప్పీల్ వదలొద్దంటాను.

సివిల్ కోర్టులో శిక్షపడి అప్పీల్ గడువు ఇంకా మిగిలి ఉంటే, లాయరు ఫీజుకు ఉన్న డబ్బు ముందు అక్కడ పెట్టండి. రాజీకి వీలుంటే అది ఇంకా మేలు. ఏఎఫ్‌టీని పూర్తిగా వదిలేయమని కాదు. తుది ఆర్డర్ తేదీ నుంచి ఆరు నెలల గడువు ఉంటుంది కాబట్టి, అప్పీల్ నడుస్తోందని తెలుపుతూ స్టాట్యూటరీ పిటిషన్ (చట్టప్రకారం ఆర్మీ పైవాళ్ళకు పెట్టే విన్నపం) ఒకటి ముందే పంపండి. స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదును తీర్పు కాపీతో పాటే దాచుకోండి.