బలమైన ముక్కలుంటే దాచకుండా పందెం వేయడం: చిన్న టేబుళ్లపై కొన్నేళ్ల వాడకం తర్వాత

ఆన్‌లైన్ పోకర్‌లో అతి తక్కువ బ్లైండ్లుండే (ముక్కలు పంచకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) టేబుళ్లపై కొన్నేళ్లుగా ఒకే పద్ధతి పట్టుకుని ఆడుతున్నాను. మంచి ముక్కలు పడితే ఫ్లాప్ (టేబుల్‌పై అందరికీ ఉమ్మడిగా పరిచే మొదటి మూడు ముక్కలు), టర్న్ (నాలుగోది), రివర్ (ఐదోది) మూడుచోట్లా బెట్, అంటే పందెం వేయడం, అదీ పెద్దగా వేయడం. చెక్ చేసి (పందెం వేయకుండా వంతు దాటవేసి) బలహీనంగా నటించడం, ఎదుటి ఆటగాడు బ్లఫ్ చేస్తాడేమోనని కాచుకుని కూర్చోవడం ఇందులో లేవు. గొప్ప తెలివితేటలు కనిపించని పద్ధతే, కానీ ఈ టేబుళ్లకు ఇంతకంటే సరిపోయేది నాకు దొరకలేదు.

కారణం అక్కడ కూర్చునేవాళ్ల స్వభావం. కాల్ చేయమంటే (ఎదుటివారి పందేనికి సమానంగా పెట్టమంటే) ముందుంటారు, తామే పందెం పెంచమంటే జంకుతారు. మధ్య జతతో (ఫ్లాప్‌లోని మధ్య ముక్కతో కుదిరిన జతతో) రివర్ దాకా వచ్చే మనిషి కూడా మనం చెక్ చేస్తే తానూ చెక్ చేసి ఊరుకుంటాడు. మన నటన అతనికి అర్థమయ్యేదీ లేదు, ఆ నటన వల్ల మనకు ఒరిగేదీ లేదు.

దాపరికం ఖరీదెంతో లెక్క వేస్తే బాగా తెలుస్తుంది. ఇద్దరి దగ్గరా 100 బిగ్ బ్లైండ్లు (రెండు బ్లైండ్లలో పెద్దది; లెక్కంతా అందులోనే) ఉన్నాయనుకుందాం. మనం 3కి పెంచాం, బిగ్ బ్లైండ్‌లో ఉన్నతను కాల్ చేశాడు, వదిలేసిన చిన్న బ్లైండ్ 0.5 కలిపి పాట్ (మధ్యలో పోగైన పందెం) 6.5. ప్రతిసారీ పాట్ అంత బెట్ వేసి, అతను కాల్ చేస్తూ పోతే పాట్ 19.5, 58.5, 175.5గా పెరుగుతుంది. ఫ్లాప్ తర్వాత అతని నుంచి వచ్చేది 84.5. ఫ్లాప్‌లో ఇద్దరూ చెక్ చేసుకుని, మిగతా రెండుసార్లే అలా వేస్తే వచ్చేది 26. ఒక్క చెక్ ఖరీదు 58.5 బిగ్ బ్లైండ్లు! ఇక మూడుసార్లూ సగం పాట్ మాత్రమే వేసేవారికి దక్కేది 22.75, అంటే ఫ్లాప్ వదిలేసిన వాళ్లకంటే తక్కువ. అందుకే బెట్ పరిమాణం దగ్గర మొహమాటపడను. రాజు, ఏడు, రెండు వేర్వేరు రంగుల్లో పడితే మూడింట రెండు వంతుల పాట్ వేస్తాను. రెండు ఇస్పేటు ముక్కలు పడితే నిండు పాట్. ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) కోసం చూసే ఆటగాడికి తర్వాతి ముక్కతో అది కుదిరే అవకాశం 19 శాతమే. నిండు పాట్‌కు కాల్ చేయడం ఆ ఒక్క ముక్క వరకే గిట్టాలన్నా 33 శాతం ఉండాలి. అయినా కాల్ చేస్తారు.

ఫ్లాప్‌కు ముందు కూడా ఇదే ధోరణి. రెండు ఆసులు సగటున 221 సార్లకు ఒకసారి వస్తాయి. ఏవో రెండు ముక్కలున్న ఒక్కరిపై అవి సుమారు 85 శాతం గెలుస్తాయి, అలాంటి ఐదుగురు మిగిలితే 49 శాతానికి దిగుతాయి. కాబట్టి ముందు ఎందరు ఊరికే కాల్ చేశారో లెక్కపెట్టి, మనిషికో బిగ్ బ్లైండ్ కలిపి పెంచుతాను.

లోపాలు లేవని కాదు. అప్పటిదాకా నోరు మెదపకుండా కాల్ చేసిన మనిషి టర్న్‌లో హఠాత్తుగా రైజ్ చేస్తే (మన పందెం మీద పెంచితే) ఈ పద్ధతి దగ్గర జవాబు ఉండదు. అక్కడ ఒక జత విలువను తిరిగి అంచనా వేసుకోవాలని చెప్పేదే పోకర్ ఆటగాళ్లు బలూగా సూత్రం అనేది. ఈ టేబుళ్లపై నేను దాన్ని ఇంకా కఠినంగా పాటిస్తాను: చేతిలో ఆసుల జత ఉన్నా ఫోల్డ్, అంటే ముక్కలు వదిలేయడమే. కాస్త బాధగానే ఉంటుంది. నలుగురు ఫ్లాప్ చూసినప్పుడు ఒక జతతో మూడుసార్లు వేయడమూ మానేశాను. సెట్ (చేతిలోని జతకు టేబుల్‌పై మూడోది కలవడం) ఉంటే మాత్రం ఎందరున్నా ఆగను.

చెక్ చేసే సందర్భాలు రెండే. ఫ్లాప్‌లో రెండు రాజులు పడి మిగతా రెండూ మన చేతిలోనే ఉంటే, ఎదుటివారి దగ్గర కాల్ చేయదగ్గదేమీ మిగలదు. అలాగే ప్రతి పాట్‌పైనా ఎగబడే ఆటగాడు ఎదురైతే పందెం అతని చేతే వేయించడం మేలు.

బ్లైండ్లు పెద్దవైన టేబుళ్లకు దీన్ని యథాతథంగా తీసుకెళ్లకండి. మనం బెట్ వేస్తే బలం ఉన్నట్టేనని అక్కడివాళ్లు త్వరగానే పసిగట్టి తప్పుకుంటారు. చిన్న టేబుళ్లపై ఆ గమనింపు అరుదు. ‘ముక్కలు పడితే తప్ప వేయవు’ అని చాట్‌లో నన్ను వెక్కిరించిన ఆటగాళ్లు ఆ తర్వాతి ఆటలోనే నా పందేనికి కాల్ చేశారు. అలాంటివారి పేరు పక్కన నోట్ రాసిపెట్టుకునే సదుపాయం ఉంటే తప్పక వాడండి.