సావేజ్ 10ఎమ్‌ఎల్-2 మజిల్‌లోడర్: ఏళ్ల తరబడి వాడిన తరువాత, దాని గురి గురించి

ఒహాయో రాష్ట్రంలో జింకల వేటకు మామూలు హైపవర్ రైఫిళ్లను అనుమతించరు. స్ట్రెయిట్‌వాల్ తూటాల (మెడ సన్నబడకుండా నిటారుగా ఉండే తూటాల) రైఫిళ్లకు 2014లో అనుమతి వచ్చేవరకు ఇక్కడి వేటగాళ్లలో అత్యధికులు షాట్‌గన్‌తోనో మజిల్‌లోడర్‌తోనో సరిపెట్టుకున్నారు. మజిల్‌లోడర్ల కోసం ప్రత్యేకంగా కేటాయించిన సీజన్ ఇప్పటికీ జనవరి చలిలో వస్తుంది. ఆ సీజన్ కోసమే నేను సావేజ్ 10ఎమ్‌ఎల్-2ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మన పల్లెల్లోని నాటు తుపాకీలాగే దీనిలోనూ మందు, గుండు మూతినుంచే దట్టించాలి. అయితే ఇందులో వేసేది బ్లాక్ పౌడర్ కాదు, ఆధునిక తూటాలలో వాడే పొగరాని మందు. నార్త్ కరోలినాకు చెందిన హెన్రీ బాల్ రూపకల్పన ఆధారంగా సావేజ్ సంస్థ 2000ల తొలినాళ్లలో ఈ రైఫిల్‌ను మార్కెట్లోకి తెచ్చి, 2010లో తయారీ ఆపివేసింది.

గురి సంగతికి ముందు ఒక హెచ్చరిక తప్పదు. పొగరాని మందు కోసం తయారుకాని మజిల్‌లోడర్‌లో ఆ మందు వేస్తే గొట్టం పేలిపోతుంది, పక్కనున్నవారికి కూడా ప్రాణాపాయం. బ్లాక్ పౌడర్‌ను గిన్నెతో కొలిచే అలవాటు ఇక్కడ పనికిరాదు. ప్రతి మోతాదునూ త్రాసుపై గ్రెయిన్లలో (మందును, గుండును తూచే చిన్న కొలమానంలో) తూచాలి, మాన్యువల్‌లో పేర్కొన్న మందును పేర్కొన్న పరిమితిలోనే వాడాలి. ఈ మోడల్ గొట్టాలు పేలిన ఘటనలపై అమెరికా కోర్టుల్లో దావాలు నడిచాయి గనుక, పాత రైఫిల్ కొనేవారు తుపాకీ పనివాడి చేత గొట్టాన్ని పరీక్ష చేయించకుండా ఒక్క గుండు కూడా పేల్చకూడదు.

ఈ రైఫిల్ గురిని నిర్ణయించేది మందు కాదని, గుండుకూ గొట్టానికీ మధ్య ఉండే ప్లాస్టిక్ తొడుగు, అంటే సాబో అని ఇన్నేళ్ల వాడకంలో నాకు స్థిరపడిన అభిప్రాయం. గొట్టం .50 క్యాలిబర్, అంటే లోపలి వ్యాసం అర అంగుళం, గుండు .452 అంగుళాలు; ఆ ఖాళీని పూడ్చి, 24 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడులను పట్టుకుని గుండును తిప్పేది ఆ పలుచని ప్లాస్టికే. ఆ ప్లాస్టిక్ వదులుగా ఉంటే మందు వాయువు పక్కనుంచి జారిపోయి వేగం ఒక్కో గుండుకు ఒక్కో విధంగా ఉంటుంది. మరీ బిగువుగా ఉంటే లోపలికి నెట్టేటప్పుడే తొడుగు నలిగి, గుండు వంకరగా కూర్చుంటుంది. ఒకే కొలత చెప్పుకునే రెండు గొట్టాల మధ్య కూడా అంగుళంలో వెయ్యో వంతు తేడా ఉండవచ్చు కాబట్టి, మిత్రుడి రైఫిల్‌లో చక్కగా కుదిరిన సాబో మన రైఫిల్‌లో కుదురుతుందన్న హామీ లేదు.

నేను మొదట వాడినవి గుండ్ల పెట్టెతోపాటే వచ్చిన సాబోలు. వాటితో వంద గజాల దూరంలో గుండ్లు మూడు అంగుళాల వ్యాసంలో చెదిరిపోయేవి. ఆర్కన్సాలోని ఎమ్‌ఎమ్‌పీ సంస్థ ప్రత్యేకంగా ఈ రకం పీడనాల కోసం తయారుచేసే సాబోలకు మారి, మందునుగానీ గుండునుగానీ మార్చకుండా పేలిస్తే, అదే రైఫిల్ రెండు అంగుళాల లోపుకు వచ్చింది. సరైన బిగువును చేతితోనే గుర్తించవచ్చు: స్టార్టర్ అనే పొట్టి కడ్డీతో మూతిలోకి దించిన తరువాత ర్యామ్‌రాడ్‌ను, అంటే దట్టించే పొడవాటి కడ్డీని, రెండు చేతులా నిలకడగా నెడితే, మొదటినుంచి చివరివరకు ఒకే రీతి ప్రతిఘటనతో దిగాలి. మధ్యలో ఒక్కసారిగా జారితే ఆ సాబో ఆ గొట్టానికి చిన్నదని అర్థం.

పేల్చిన సాబోలను ఏరి చూడడం ఎవరూ పెద్దగా చెప్పని పని, కానీ నాకు అన్నిటికంటే ఎక్కువ సమాచారం ఇచ్చింది అదే. తుపాకీ ఆనించి పేల్చే బల్లకు ముందు కొద్ది గజాల దూరంలో పడి ఉండే ఆ తొడుగుల రేకులు సమానంగా విచ్చుకుని, అడుగుభాగం చెక్కుచెదరకుండా ఉంటే అంతా సవ్యంగా జరిగినట్టు. ఒక రేకు తెగిపోయినా, అడుగు కరిగి గుంట పడినా, దాని ఫలితం తప్పకుండా లక్ష్యంపై కూడా కనిపిస్తుంది.

అడుగు కరగడానికి ముఖ్య కారణం వేడెక్కిన గొట్టం. పొగరాని మందు గొట్టాన్ని త్వరగా వేడెక్కిస్తుంది, వేడి గొట్టంలో దించిన సాబో నిమిషాల్లో మెత్తబడుతుంది. వేసవిలో వరుసగా పేలిస్తే మూడో గుండు నుంచి చెదరడం మొదలవుతుంది. అది చూసి స్కోపునో (గురిచూసే దుర్భిణినో) ట్రిగ్గర్‌నో నిందించేవారిని రేంజిలో తరచూ చూస్తుంటాను. గొట్టాన్ని చేతితో తాకితే చల్లగా తోచేవరకు తిరిగి దట్టించకపోవడమే దీనికి పరిష్కారం. పక్కన ఒక .22 రైఫిల్ పెట్టుకుంటే కాలక్షేపానికి లోటుండదు. నిజానికి వేటలో పనికొచ్చేది చల్లని గొట్టం నుంచి వెళ్లే మొదటి గుండే కాబట్టి ఈ నిదానం వృథా కాదు.

ఆ మొదటి గుండు విషయంలో మరో మాట. శుభ్రం చేశాక గొట్టంలో మిగిలిన నూనె మొదటి గుండును మిగతావాటికి దూరంగా పడవేస్తుంది. అందుకే దట్టించే ముందు పొడి గుడ్డ ముక్కతో తుడిచి, గుండు లేకుండా ఒక ప్రైమర్ (మందుకు నిప్పంటించే చిన్న టోపీ) పేల్చి, నిప్పు దారిలో నూనె లేకుండా చూసుకుంటాను. బ్లాక్ పౌడర్ మసి తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది గనుక అదే రోజు కడగాలి. పొగరాని మందుకు ఆ తొందర లేదు, గుండుకూ గుండుకూ మధ్య తుడవవలసిన పనీ లేదు. గొట్టంలో అంటుకునే ప్లాస్టిక్ పొరను మాత్రం అప్పుడప్పుడు సాల్వెంట్, ఇత్తడి బ్రష్షుతో తీయాలి.

నిప్పు అందించే భాగాన్నీ నిర్లక్ష్యం చేయకూడదు. 209 రకం ప్రైమర్ మంట, గొట్టం వెనుక కొనను మూసే బ్రీచ్ ప్లగ్‌లో బిగించిన వెంట్ లైనర్ అనే చిన్న ముక్క రంధ్రం గుండా మందును చేరుతుంది. కొత్తప్పుడు సుమారు 0.03 అంగుళాలుండే ఆ రంధ్రం వాడేకొద్దీ కాలి పెద్దదవుతుంది, దానితో పీడనం వెనక్కి తన్ని గుండ్ల వేగం నిలకడ తప్పుతుంది. సన్నని డ్రిల్ బిట్ వెనుక కొనను అందులో దూర్చి చూస్తే అరుగుదల ఇట్టే తెలుస్తుంది. లైనర్ విడిగా మార్చుకోగలిగిన చవక వస్తువే.

మిగిలినవి చిన్న విషయాలు: ప్లగ్ మరలకు, బిగుసుకుపోకుండా, యాంటీసీజ్ గ్రీజు పూయాలి, స్టాక్ స్క్రూలను టార్క్ రెంచ్‌తో ప్రతిసారీ ఒకే బిగువుకు తేవాలి, ర్యామ్‌రాడ్‌ను గొట్టం కింద ఉంచి గురి సరిచేస్తే వేటలో కూడా అక్కడే ఉంచాలి. ర్యామ్‌రాడ్‌పై గీసిన రెండు గుర్తులు, ఒకటి ఖాళీ గొట్టానికి, మరొకటి సరిగ్గా దట్టించినప్పటికి, గుండు ప్రతిసారీ ఒకే లోతున కూర్చున్నదీ లేనిదీ చెబుతాయి. పొరపాటున రెండుసార్లు మందు వేయకుండా కాపాడేవీ అవే.

ఈ మార్పులన్నిటి తరువాత, ఎక్స్‌టీపీ అనే రకం 300 గ్రెయిన్ల గుండ్లతో ఇసుక సంచులపై ఆనించి పేల్చిన అయిదు గుండ్లు వంద గజాల వద్ద అంగుళంన్నరలో పడుతున్నాయి. 250 గ్రెయిన్లవి ఇంకా వేగంగా వెళతాయి, కానీ నా గొట్టానికి అవి నచ్చలేదు. మూడు గుండ్ల గుంపును చూపి అర అంగుళమని చెప్పేవారి మాటను నేను అంతగా పట్టించుకోను. అంతకు మించి కావాలంటే సాబోను పూర్తిగా వదిలి, గుండునే డై అనే అచ్చులో నొక్కి గొట్టం కొలతకు తెచ్చి వాడే .45 క్యాలిబర్ కస్టమ్ రైఫిళ్లు ఉన్నాయి. ఖరీదు మాత్రం దీనికి అనేక రెట్లు. కొలరాడో వంటి రాష్ట్రాలు మజిల్‌లోడర్ సీజన్‌లో పొగరాని మందును, సాబోలను, స్కోపును కూడా నిషేధించాయి కనుక అక్కడ వేటాడేవారికి ఈ రైఫిల్‌ను నేను సిఫారసు చేయను.